ఉత్తమ నటి బొమ్మకు ఒడిబియ్యం

ఒక సినిమా అవార్డుల సభను నేను ఒంటిచేత్తో పెళ్ళిపందిరి చేసేశాను. నవ్వండి, పరవాలేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను గానీ, ఆ సాయంత్రం తెర వెనక పారిపోయే దారి వెతుక్కున్నాను.

ఎనభైల నాటి మాట. నాగ్‌పాడాలో షీల్డులు, కప్పులు చేసే కార్ఖానాలో కొత్తగా చేరాను. అప్పటికే రెండు నౌకరీలు ఊడగొట్టుకున్న ఘనుణ్ణి. ఇదీ పోతే గడప తొక్కనివ్వనని నాన్న ముందే చెప్పేశాడు. ఆ ఏడు సినిమా అవార్డుల బొమ్మలు చేసే పని మా కార్ఖానాకే వచ్చింది. చేతులు పైకెత్తి నిలబడ్డ ఇత్తడి అమ్మాయి, ఆమె కాళ్ళ కింద లోపలంతా డొల్లగా ఉన్న చెక్కపీట. ఆ పీట అడుగున మఖ్మల్ గుడ్డ అంటించడం నా పని. అన్నీ పూర్తయ్యాయి, ఉత్తమ నటి బొమ్మ ఒక్కటే మిగిలింది.

"జల్ది గుడ్డ అంటించి సీదా హాల్‌కు తీస్కపో," అన్నాడు మా సేఠ్ రాజన్న. "నడిమిట్ల ఏడన్న ఆగినవో, నౌకరీ ఖతం!"

ఆగకుండా ఎలా ఉంటానండీ? కామాటిపురలో మేముండే గదుల వరస, మా చాల్, పక్కనే ఉందాయె! హీరోయిన్ కంటే ముందు మావాళ్ళు చూడొద్దూ? జిగురు సీసా, మఖ్మల్ గుడ్డతో సహా బొమ్మను ఇంటికి మోసుకెళ్ళాను. చాల్ వరండాలో ఆడవాళ్ళంతా మూగారు. చేతులు మారి మారి బొమ్మ చివరికి మా నాయనమ్మ ఒళ్ళో పడింది.

"ఎంత సక్కగున్నది బిడ్డ! ఏడికి తోల్కపోతున్నవ్ రా?"

"పెద్ద హీరోయిన్ ఇంటికి, నాయనమ్మా. ఇగ ఆడనే ఉంటది."

"మళ్ళ రాదా?"

"ఎందుకొస్తది!"

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనదేం పట్టించుకోలేదు. హీరోయిన్ నాకు స్వయానా చెల్లెలైనట్టు పక్కింటివాళ్ళ దగ్గర కోతలు కోయాలి కదా, తీరిక ఎక్కడిది?

"జర ఈ గుడ్డ నువ్వే అంటియ్యి నాయనమ్మా," అని జిగురు ఆమె చేతిలో పెట్టి పోయాను. బీడీకట్టలకు లేబుళ్ళు అంటించి అంటించి ఆమె చెయ్యి తిరిగి ఉంది. వచ్చేసరికి గుడ్డ ముడత లేకుండా అంటించి పెట్టింది. బొమ్మ ఇందాకటికంటే బరువుగా తోచింది. అసలైన ఇత్తడంటే ఇదీ అని మురిసిపోయి టాక్సీ ఎక్కాను.

సభ మొదలైంది. తల నెరిసిన ఒక పెద్ద హీరో ఉత్తమ నటికి బొమ్మ అందించాడు. ఆమె సంబరంగా దాన్ని రెండు చేతులా నెత్తిమీదికెత్తి ఊపింది. పచ్చి జిగురు, పాపం, ఎంతకని ఓర్చుకుంటుంది? మఖ్మల్ గుడ్డ ఊడింది. పసుపు బియ్యం జలజలా ఇద్దరి తలలమీదా రాలాయి. ఖర్జూరపండొకటి హీరోగారి కాలర్లో దూరింది. వాద్యబృందంవాళ్ళు అవకాశం చూసి పెళ్ళిబాజా అందుకున్నారు. ముందు వరసలో హీరోగారి భార్య లేచి నిలబడింది.

"ఏందిరా అది?" అన్నాడు సేఠ్ నా చెవి మెలేసి.

"బియ్యం, సేఠ్."

"నాకు కండ్లు లేవా? ఎట్లొచ్చినయ్?"

"ఒడిబియ్యం, సేఠ్! ఇంటి ఆడివిల్లను అత్తగారింటికి ఉత్త ఒడితోని తోలుతదా మా నాయనమ్మ? బొమ్మకు ఒడి లేదని పీటల పోసినట్టుంది!"

హాలంతా ఒకటే చప్పట్లు. హీరోయిన్ కూడా పకపకా నవ్వి, గుప్పెడు బియ్యం తీసి హీరోమీద చల్లింది. సేఠ్ మాత్రం నవ్వలేదు. ఆ మొహం చూశాక మూడో నౌకరీకి కూడా నీళ్ళొదిలేశాను.

మర్నాడు పొద్దున సేఠ్ మా చాల్ మెట్లెక్కాడు. నాన్న తలుపుకు అడ్డంగా నిలబడి నన్నే చూస్తున్నాడు.

"సభవాళ్ళు మస్తు ఖుషీగున్నరు," అన్నాడు సేఠ్. "వచ్చే ఏడు అన్ని బొమ్మలకు గట్లనే బియ్యం పొయ్యాల్నట!"

హమ్మయ్య! ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాను.

"నువ్వు పక్కకు జరుగు," అని సేఠ్ నాయనమ్మకు చేతులు జోడించాడు. "అవ్వా, రేపటిసంది పనికొస్తవా, వీని జాగల?"

"నల్లా నీళ్ళు వట్టినంక వస్త," అంది నాయనమ్మ.

అక్కడికక్కడే చెవులు పట్టుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో నా పని ఇంకొకరికి అప్పజెప్పను, అందులోనూ నాకంటే బాగా చేసేవాళ్ళకు అసలే అప్పజెప్పను. మధ్యాహ్నం పూట కార్ఖానాకు నాయనమ్మ టిఫిన్ డబ్బా మోస్తూ ఆ ప్రమాణాన్ని రోజూ ఒకసారి వల్లెవేసుకునేవాణ్ణి.