పక్క సీటులో మా మామ

పోయిన వారం రాయకోట రోడ్డు మలుపులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. టమాటా లోడుతో ఒక పాత పికప్ బండి వచ్చి, మలుపు దగ్గర నెమ్మదించింది. డ్రైవరు రెండో గేరు వేయబోయాడు. అది పడలేదు. లోపల పళ్లు ఒరుసుకుని కర్రుమన్న చప్పుడు వచ్చింది. అంతే, నా ఎడమ కాలు దానంతట అదే లేచి కింద ఉన్న సిమెంటును గట్టిగా తొక్కింది. పక్కన నిలబడిన ఆవిడ, "ఏమమ్మా, చీమ కుట్టిందా?" అని అడిగింది. నవ్వేశాను. ఆ చప్పుడు విని చాలా ఏళ్లయింది. వినగానే మా మామ చెన్నప్ప, తెల్ల పంచె మోకాళ్ల దాకా మడిచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

తొంభైల నడిమి సంవత్సరాల్లో నేను బేరిగై నుంచి ఉద్దనపల్లికి కోడలిగా వచ్చాను. మా ఆయన గోపాల్‌కు హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. సేద్యమూ బండీ మామవి. కాడెద్దులను అమ్మేసి, ఎవరో వాడి వదిలేసిన ఆ పికప్పును ఆయన కొన్నారట. నీలం రంగు వెలిసిపోయి, తలుపులు తాడుతో కట్టుకోవలసినంత పాతబడి ఉండేది. రెండో గేరు అరిగిపోయింది. దాన్ని వేయాలంటే క్లచ్ ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, కాలు తీసి, మళ్లీ తొక్కాలి. మామకు అదేమీ పనిలా ఉండేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఎద్దును అదిలించినట్టు నాలుకతో టక్‌మని చప్పుడు చేసేవారు. బండికి వినపడుతుందా అని మా అత్త ఎగతాళి చేస్తే, "ఎక్కింది కదా, వినపడినట్టే" అనేవారు.

అత్తకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, టమాటా బుట్టలు దింపించడానికి ఆమె బదులు నేను మామతో రాయకోట కూరగాయల మండీకి పోవడం మొదలుపెట్టాను. ఆయన బండి నడుపుతూ కోడిలా తల అటూ ఇటూ తిప్పుతూ ఉండేవారు. అది ఆయన అలవాటనుకున్నాను. ఒక రోజు మండీ నుంచి తిరిగి వస్తుంటే, ఊరికి దగ్గరలో ఎడమ పక్క చేలోంచి ఒక దూడ రోడ్డు మీదికి దూకింది. దాని వెనకే తాడు పట్టుకోబోతూ ఒక చిన్న పాప. నేను "మామా" అని అరిచాను. ఆయన బ్రేకు తొక్కారు. బండి కీచుమంటూ ఆగేసరికి పాప బంపరు ఎడమ మూలకు చేతి దూరంలో ఉంది. ఒక క్షణం మావైపు చూసి, మళ్లీ దూడ వెనక పరుగెత్తింది.

ఆయనకు ధైర్యం చెప్పాలని, "పాపకు ఏమీ కాలేదులే మామా" అన్నాను.

"యే పాప?" అన్నారాయన.

నేను ఆయన కళ్లలోకి చూశాను. నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. ఇంజిన్ ఆపారు. "రత్నా, ఎదురుగా ఉండేది కనపడుతుంది. పక్కనించి వచ్చేది కనపడదమ్మా. చానా దినాలుగా ఇట్లనే ఉండాది. ఇంట్లో ఎవురికీ చెప్పలేదు" అన్నారు. తరువాత కిందికి దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టి వచ్చి నా తలుపు తీశారు. "నువ్వు ఆ పక్కకు జరుగు."

"నాకు రాదు మామా."

"నాకు వచ్చు కదా. నేను ఈడనే ఉంటాను."

ఆ మధ్యాహ్నం మొదటి గేరులోనే, ఎద్దుల బండి కంటే నెమ్మదిగా, మేము ఇల్లు చేరాం. దారిలో నాలుగైదు చోట్ల ఇంజిన్ ఆగిపోయింది. ప్రతిసారీ ఆయన "పోనీలే, మళ్లా స్టార్ట్ చెయ్యి" అన్నారు తప్ప ఇంకో మాట అనలేదు.

కృష్ణగిరిలో డాక్టరు చూసి, కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందుతో ఉన్నది కాపాడుకోవచ్చు, అదీ ఎన్నాళ్లో చెప్పలేం అన్నాడు. ఇంటికి వచ్చాక మా ఆయన బండి అమ్మేద్దామన్నాడు. ఇకమీదట బండి రత్న నడుపుతుందని మామ చెప్పగానే మా ఆయన ముఖం మాడిపోయింది. "ఆడది పికప్ తోలుకోని మండీకి పోతే నలుగురూ ఏమంటారు నాయినా?"

"ఏమంటారో వినేదానికి నాకు చెవులు బాగుండాయి. నేను వింటాలే. నువ్వు పనికి పో" అన్నారు మామ, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ.

ఆయన నేర్పే తీరు వేరు. పొలం దగ్గర మట్టి బాటలో బండి నిలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, ముందు నన్ను కళ్లు మూసుకోమన్నారు. యాక్సిలరేటరు కొద్దికొద్దిగా తొక్కిస్తూ, చప్పుడు ఎక్కడ బరువెక్కుతోందో, ఎక్కడ తేలికపడుతోందో చెప్పమన్నారు. నాకు ఇదంతా పిచ్చిగా తోచింది. "రోడ్డు చూడడం నేర్పించండి మామా, చప్పుడు దేనికి?" అంటే, "రోడ్డు నీకు కనపడతానే ఉండాది. గేరు కనపడదు. దాన్ని వినాల" అన్నారు. రెండో గేరు నన్ను చాలా ఏడిపించింది. కర్రుమన్నప్పుడల్లా ఆయన ముఖం పంటి నొప్పి వచ్చినట్టు ముడుచుకుపోయేది. నోరు మాత్రం మెదిలేది కాదు.

లైసెన్సు వచ్చాక మొదటిసారి నేను మండీలో బండిని వెనక్కి తిప్పుతుంటే, బుట్టలు మోసేవాళ్లు పని ఆపి చూశారు. "ఏమప్పా చెన్నప్పా, కోడలు తోలితే నువ్వు కూర్చోని వస్తా ఉండావా?" అని ఒకాయన గట్టిగా అడిగాడు. మామ కిటికీలోంచి తల బయటపెట్టి, "అవునప్పా. ఇన్ని దినాలూ తోలి తోలి నడుము పట్టేసింది. ఇప్పుడు దొర మాదిరి వస్తా ఉండాను. నీకు కోడలు వస్తే నువ్వూ నేర్పించుకో" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను బండిని తిన్నగా గోడ దగ్గర ఆపేశాను. తరువాత ఎవరూ పని ఆపి చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటేసరికి మామకు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా నాతో రావడం మానలేదు. ఒక ఉదయం కృష్ణగిరికి లోడు వేసుకుని, అట్నుంచటే ఆయన్ను కంటి డాక్టరుకు చూపించవచ్చని బయలుదేరాం. శూలగిరి దాటాక రోడ్డు కొండల నడుమ దిగుతుంది. ఆ దిగుడులో బ్రేకు తొక్కితే కాలు అడుగు దాకా పోయింది. మళ్లీ తొక్కాను. అంతే. ముందు నిండుగా జనంతో ఒక బస్సు. వెనక మా లోడు బండిని తోస్తోంది. హారన్ మోగిస్తూ రెండో గేరుకు దింపబోయాను. కర్రుమంది, పడలేదు. ఇప్పుడు బండి ఏ గేరులోనూ లేదు. ఇంకా వేగం పుంజుకుంది. బస్సు వెనక అద్దంలోంచి ఒకామె నన్నే చూస్తోంది.

మామ ఏదో ఒకటి చెబుతారని ఎదురుచూశాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇక ఎవరూ చెప్పరని తెలిసిపోయింది. క్లచ్ వదిలి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కి, ఇంజిన్ అరుపు బండి వేగాన్ని అందుకునేదాకా విని, మళ్లీ క్లచ్ తొక్కి గేరు కడ్డీని లాగాను. గేరు పడింది. బండి ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు కుదుపుతో తగ్గింది. చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ ఎడమ పక్క కంకర మీదికి దించి, ఒక టీ కొట్టుకు ఇవతల ఆపాను. రెండు బుట్టలు కిందపడి టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

మామ తడుముకుంటూ తలుపు తీశారు. "టీ వాసన వస్తా ఉండాది. రెండు చెప్పమ్మా. నాకు చక్కెర ఎక్కువ."

టీ తాగుతూ నాకు కోపం వచ్చింది. "బ్రేకు పోయిందని తెలిసింది కదా మామా. ఒక్క మాట చెప్పకూడదా?"

"తెలిసింది. నాకూ భయమైంది" అన్నారాయన. "నేను చెప్పింటే నువ్వు నా మాట వినేదానివి. ఇంజిన్ను వినేదానివి కాదు. రెండూ వినేదానికి టైం యాడ ఉండాది?"

ఆ తరువాతి వేసవిలో వానలు లేక మా ఊరి చెరువు నేల బయటపడింది. ఒక సాయంత్రం వస్తూ వస్తూ బండిని ఆ చెరువులోకి దించి, మామను డ్రైవరు సీటులో కూర్చోబెట్టాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "ఎవురైనా అడ్డమొస్తే?" అన్నారు. "ఒక్క కొంగ ఉంది. అది ఎగిరిపోతుందిలే" అన్నాను. ఆయన నవ్వి, కడ్డీని అరచేతిలో కాసేపు అలా ఉంచుకుని, మొదటి గేరు వేశారు. తరువాత రెండు. చిన్న చప్పుడైనా లేదు. ఎండి పగిలిన మట్టి మీద మేము పెద్ద పెద్ద చుట్లు తిరిగాం. దుమ్ము లేచి కొంగ నిజంగానే ఎగిరిపోయింది. ఆయన గట్టు వైపు మరీ దగ్గరగా పోతున్నప్పుడు మాత్రం నేను "కుడికి మామా" అన్నాను. దిగేటప్పుడు ఆయన, "బండిని బాగా పెట్టుకోనుండావు రత్నా. గేరు మెత్తబడింది" అన్నారు. నన్ను ఆయన మెచ్చుకున్న మాట నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. బండి అంతకు ముందే పాత ఇనుముకు పోయింది. ఇప్పుడు టమాటా చేలో గులాబీలు వేశాం, ఆ తోటను మా అమ్మాయి చూసుకుంటోంది. కొమ్మలు కత్తిరించడం, మందు కొట్టడం అన్నీ ఆమె ఇష్టం. ఆమె చేసేవాటిలో సగం నేను చేసే తీరు కాదు. పోయిన నెల మబ్బు పట్టిన రోజున మందు కొట్టించబోతుంటే, నోటిదాకా వచ్చిన మాటను మింగి, పశువుల కొట్టంలోకి పోయి నిలబడ్డాను. వాన వచ్చి మందంతా కొట్టుకుపోయింది. సాయంత్రం ఆమే వచ్చి, "ఏమ్మా, నీకు తెలిసే ఉంటుంది కదా, చెప్పకూడదా?" అని నిష్ఠూరమాడింది. టీ పెట్టమన్నాను. అన్నిసార్లూ నేను అలా ఊరుకోలేను. చాలాసార్లు నోరు జారుతుంది, తోటలో ఇద్దరం వాదులాడుకుంటాం. కళ్లు కనబడని మనిషి దిగుడులో ఆ నిమిషం పాటు నోరు మూసుకుని కూర్చోవడానికి నా మీద ఎంత నమ్మకం పెట్టుకున్నారో, ఊరుకోలేని ఆ రోజుల్లోనే నాకు ఎక్కువగా తెలిసివస్తుంది.