మా మరిది ఆమెన్ అనేదాకా

చికాగో కబేళాల పక్కన మా నల్లవాళ్ళ పేటలో హోషియా టాల్బర్ట్ అంటే మాంసం ఫ్యాక్టరీలో యూనియన్ పెద్ద, చర్చిలో పాస్టర్ తర్వాతి పెద్ద, డీకన్. మా ఇంట్లో మాత్రం ‘చల్లారిన కోడి’. భోజనానికి ముందు ఆయన ప్రార్థన అందుకుంటే, వేయించిన కోడి చల్లారాకే ఆమెన్ అనేవాడు. చివరికి పాస్టర్ ప్రూయిట్ గారే చర్చి విందుల్లో ఆయన్ని ప్రార్థన చేయనివ్వడం మానేశారు. ఆయన భార్యకు అక్కను కనుక, ఎక్కువ సంతోషించింది నేనే.

ఒకసారి పొద్దున ఆయన ఇంట్లో ప్రార్థనకు మోకరించి ఎంతకీ లేవలేదు. ఫ్యాక్టరీకి చేరేసరికి ఏడు గంటల కూత అయిపోయింది. కూత అయ్యాక గేటు తెరవకూడదని కంపెనీ రూలు. కాపలా మెకార్డల్ దేవుడొచ్చినా తెరవడు. ఆ రోజు కూలి పోయింది. మా చెల్లెలు లూవీనియా వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు, దాని వంతు కూడా నేనే మాట్లాడాను.

ఆ శీతాకాలం సమ్మె మొదలైంది. తెల్లవాళ్ళూ మేమూ ఒక్క మాట మీద నిలబడడం మాకు కొత్త. కంపెనీ దక్షిణాదిన మిసిసిపీ నుంచి రైల్లో మా జాతివాళ్ళనే దింపిందని, తెల్లారితే పనిలో పెడుతుందని కబురొచ్చింది. వాళ్ళు గేటు దాటితే సమ్మె గోవిందా. హోషియాకు ఇక ఊళ్ళో ఎక్కడా పని పుట్టదు. పైగా, ‘చూశారా, మీవాళ్ళే’ అని తెల్లవాళ్ళు అంటారు. ఆ మాట పడడమంటేనే మాకు ఎక్కువ భయం.

తెల్లారకముందే కొందరు కుర్రాళ్ళు గేటు దగ్గరికి రాళ్ళు పట్టుకొచ్చారు. హోషియా పారేయించాడు. ఆదివారం చర్చి తలుపు దగ్గర జనాన్ని అదుపులో పెట్టే ఆడవాళ్ళం మేమే కదా, ఇక్కడా నిలబడమన్నాడు. చర్చిలో వేసుకునే తెల్ల గౌన్లు, తెల్ల చేతితొడుగులు వేసుకుని గేటు ముందు వరుసగా నిలబడ్డాం.

మిసిసిపీ వాళ్ళు మూటలతో వచ్చారు. హోషియా ఉపన్యాసం తయారు చేసుకున్నాడు గానీ, వాళ్ళని చూడగానే అంతా మరిచిపోయాడు. భయం వేస్తే ఆయనకు వచ్చేది ఒక్కటే. టోపీ తీసి, కళ్ళు మూసుకుని, “పరలోక తండ్రీ” అన్నాడు. అలవాటు కొద్దీ నేను చెయ్యెత్తాను. చర్చిలో ఆ చెయ్యి లేచిందంటే ప్రార్థన అయ్యేదాకా ఎవరూ అడుగు కదపకూడదు. మిసిసిపీ తల్లులూ అదే నేర్పినట్టున్నారు. అందరూ టోపీలు తీసి తలలు వంచారు. కంపెనీ మనిషి నడవండి నడవండి అని తోస్తుంటే, వాళ్ళలో ఒక ముసలాయన కళ్ళు తెరవకుండానే అన్నాడు:

“ప్రార్థన జరుగుతోంది బాబూ.”

అప్పుడు నాకు వెలిగింది. హోషియా చెవి దగ్గరికి వెళ్ళాను.

“మరిదీ, కూత మోగేదాకా ఆపకు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

ఇక చూడాలి. సమ్మె గురించి ఎవరూ చెప్పకుండా తీసుకొచ్చిన ఈ బిడ్డల కోసం ప్రార్థించాడు. వితంతువుల కోసం, పందుల కోసం, మేనేజరు మోకాళ్ళ నొప్పుల కోసం ప్రార్థించాడు. ఇంకేమీ దొరక్క, కోపిష్టి వదిన కోసం మొదలుపెట్టాడు. నా కోపానికి చాలాసేపే పట్టింది. కళ్ళు మూసుకుని భరించాను. ఆయన గొంతు బొంగురుపోయి, గుసగుస అయిపోయింది. అప్పుడు మోగింది కూత.

మెకార్డల్ అలవాటుగా గేటు మూసి తాళం వేశాడు. కంపెనీ మనిషి ఎగిరెగిరి పడితే, రూలు మీదేగా అన్నాడు.

ముసలాయన టోపీ పెట్టుకున్నాడు.

“సమ్మె అని మాకు చెప్పలేదమ్మా. ఒకళ్ళ నోటికాడ కూడు మాకొద్దు. మరి మేం తినేదెక్కడ?”

చర్చికి తీసుకెళ్ళాం. వేడివేడిగా కోడి వడ్డించాక, పాస్టర్ గారు తన ఆంక్ష తానే ఎత్తేసి, హోషియాను ప్రార్థన చెయ్యమన్నారు. ఆయన లేచాడు, నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. చివరికి “ఆమెన్” అన్నాడు, అంతే. మేం నవ్వు ఆపుకుంటున్నాం గానీ, మిసిసిపీ వాళ్ళు ఒక్కరూ తల ఎత్తలేదు. మిగతాది వస్తుందని ఎదురుచూస్తున్నారు. అయిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కోడి చల్లారిపోయింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.