మూడు చెంపదెబ్బలకు దిగిన బేరం

చీర చూపించడానికి మా బట్టలంగట్లో ఒక పద్ధతి ఉంది. ప్రొద్దుటూరులో ఏ అంగడికి పోయినా కనిపిస్తుంది. మడత విప్పి పరుపు మీద పరిస్తే సగం పనే అయినట్టు. మిగతా సగానికి సేల్స్‌మన్ లేచి నిలబడాలి. కుచ్చిళ్ళు తన నడుముకు ఆనించి, పైట తన భుజాన వేసుకుని, కాస్త పక్కకు తిరగాలి. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళకు ఆ క్షణంలో ఆయన మీసం కనపడదు, చొక్కా కనపడదు. ఆ పైట తమ భుజం మీదే ఉన్నట్టు చూసుకుంటారు.

మా నాయన పెట్టిన ఈ అంగట్లో ఆ పనికి ఒక అన్న ఉన్నాడు. సొంతూరు జమ్మలమడుగు, రోజూ బస్సులో వచ్చిపోతాడు. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచి నన్ను పాపా అంటాడు. నలభై దాటినా పాపనే. ఆయన పెళ్ళి చేసుకోలేదు. పులివెందుల దగ్గర చీనీతోట, అదే బత్తాయితోట, ఉన్న ఒకాయనతో ఇరవై ఏండ్లకు పైగా కలిసి బతుకుతున్నాడు. ఎవరిళ్ళు వాళ్ళవే అయినా, సెలవు చిక్కినప్పుడల్లా అన్న తోటకు పోతాడు. అంగట్లో అందరికీ తెలుసు, ఎవరూ దానికి పేరు పెట్టరు. 'అన్న స్నేహితుడు' అంటాం. ఆ మాట దగ్గర గొంతు కొంచెం తగ్గిస్తాం.

ఇదంతా రాయడానికి ఆ ఇద్దరి ఒప్పుదల తీసుకున్నాను. వాళ్ళు చెప్పిన ఆనవాళ్ళు మార్చాను. మొదటిసారి రాసినప్పుడు అడగలేదు.

నేను బేరాల మనిషిని. ఒక్క కొబ్బరికాయ కొట్టి దేవుణ్ణి రెండు కోరికలు అడిగే రకం. కొనేవాళ్ళు ఏది కోరితే అది ముందర పరచాలన్నదే అంగట్లో నేను నేర్చుకున్న నీతి. ఆ నీతి పట్టుకునే ఫోన్లో కథలు చదివే ఒక యాప్‌లో సీరియల్స్ రాయడం మొదలుపెట్టాను. చదివేది దాదాపు అందరూ నాలాంటి సంసారపు ఆడవాళ్ళే. గే ప్రేమకథలకు ఆ యాప్‌లో వేరే అర ఉంది. ఆ అర ముందర జనం ఎక్కువని కనిపెట్టి నేనూ ఒకటి దించాను.

ఏం దించాను! ఒకడు సుకుమారుడు. బట్టలంగట్లో చీరలు చూపిస్తాడు, పైట భుజాన పడగానే సిగ్గుపడతాడు, మాటకంటే ముందు కన్నీళ్ళు వస్తాయి. రెండోవాడు ఆరడుగుల మొరటు, తోటలున్న ఆసామి. కోపమొస్తే కొడతాడు, కొట్టాక ఎత్తుకుపోతాడు, గదిలో పెట్టి గడియ వేస్తాడు. దాన్నే ప్రేమ అన్నాను. ఇదే పని ఒక మొగుడు పెళ్ళానికి చేశాడని రాసుంటే నా పాఠకులే చీపురు తిరగేసేవాళ్ళు. ఇద్దరూ మగవాళ్ళు కావడంతో ఎవరికీ నొప్పి తెలియలేదు, నాకు కూడా. "ఇద్దర్లో భార్య ఎవరక్కా?" అని కామెంట్లు. చివరి భాగంలో సుకుమారుణ్ణి చంపేశాను. ఆ రోజు వచ్చినన్ని ఏడుపు బొమ్మలు నా ఫోను ఎప్పుడూ చూడలేదు. ఒక ప్రచురణకర్త దాన్ని పుస్తకంగా వేస్తానని ముందుకొచ్చాడు. "చావు మాత్రం మార్చొద్దు మేడం, మన సరుకు అదే" అన్నాడు. పుస్తకం వస్తుందని యాప్‌లో గొప్పగా చెప్పుకున్నాను.

అన్నకు కథలు చదివే అలవాటు లేదు. ఆ ధైర్యంతోనే రాశాను. తోటాయన చదువుతాడని నాకేం తెలుసు?

ఒక మధ్యాహ్నం జనం లేని వేళ అన్న చీరలు మడుస్తూ, తలెత్తకుండా అన్నాడు: "పాపా, ఈ నెలాఖరుకు నేను మానుకుంటాండా."

"ఏందన్నా అట్లంటావు? ఎవురన్నా ఏమన్నా అనిరా?"

"నువ్వే అంటివి గదా. ఎనభై భాగాలు అంటివి."

నా సీరియల్ సరిగ్గా అన్ని భాగాలే.

"ఆయప్ప చదివినాడు. ఆదివారమంతా కూర్చోబెట్టి నాకూ చదివి వినిపించినాడు. ఇన్నేండ్లలో నీ మింద చెయ్యెత్తితినా, ఆ పిల్లకు నేను అట్ల కనపడితినా అని అడిగినాడు. పుస్తకమై ఊర్లోకి వస్తే మనల్ని గుర్తుపట్టరా, ఇంగ ఆ అంగడి వద్దు, తోటకొచ్చెయ్ అంటాండాడు."

"నువ్వేమంటివన్నా?"

"ఏమంటా? నాకు చీరలు కావాల పాపా. తోటలో కూర్చోని చీనీచెట్లకు కుచ్చిళ్ళు పెట్టాల్నా?"

నవ్వుతూనే అన్నాడు కానీ చేతులు ఆగలేదు. ముప్పై ఏండ్లకు పైగా చేస్తున్న పని, నా రాత మూలంగా పోబోతున్నది. క్షమించమని అడగాల్సిన చోట నేను నోరు తెరిచి, "అది నువ్వు కాదన్నా, కథ" అన్నాను.

"చీర ఏసుకోని తిరిగేటోడు నేను గాకపోతే ఎవురు, మీ నాయనా? సిగ్గుపడతానని ఎట్ల రాస్తివి? అది నా పని పాపా. వడ్లు కొలిచేటోడు ఇంటికాడ అన్నం గూడ శేరుతో కొలుచుకుంటాడా?" ఇంకో చీర అందుకున్నాడు. "నేను పైట ఏసుకుంటే వచ్చినోళ్ళు నన్ను చూడరు, వాళ్ళను వాళ్ళు చూసుకుంటారు. చీరకైతే అది మేలే. నువ్వు మా బతుకును పట్టుకోని అదే చేస్తివి. నీ కథ చదివి అంతమంది ఏడిస్తిరి గదా, వాళ్ళల్లో ఒక్కరన్నా మమ్మల్ని చూసిరా?"

నా రాతల మీద ఇంత సూటి విమర్శ ఎవరూ చేయలేదు. ఆ రోజు మాత్రం నా బుర్రలో తిరిగింది వేరు: అన్న పోకూడదు, పుస్తకమూ పోకూడదు.

అంగడి సెలవునాడు జమ్మలమడుగు దాకా పోయి, అక్కడ అన్నను కలుపుకుని, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాను. తోటలో డ్రిప్పు పైపు పట్టుకుని కళ్ళద్దాల మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. నా చెవి దాకా వస్తాడేమో.

"రామ్మా," అన్నాడు. "నేను ఆరడుగులంట గదా. కొలుచుకుంటావా?"

అన్న పక్కకు తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తోటాయన గట్టు మీద కూర్చుని, "పన్నెండు చెంపదెబ్బలు కొడితినమ్మా నేను. ప్రతిదీ గుర్తుంది" అన్నాడు.

"తగ్గిస్తా మామా," అన్నాను. అలవాటైన నోరు. "ఆరు చేస్తా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పోనీ మూడు. చంపడం గూడ తీసేస్తా. కోమాలో పెడతా."

"చీనీకాయల దళారులను ముప్పై ఏండ్లుగా చూస్తాండా," అన్నాడాయన అన్నతో. "ఇట్లాంటి మనిషిని ఈ పొద్దే చూసినా. పానానికి గూడ బేరం పెడతాంది."

తర్వాత నా వైపు తిరిగాడు.

"నాకు పద్దెనిమిదేండ్లప్పుడు యాడ చూసినా ఇవే. సినిమాలో మాలాంటోడు వస్తే అందర్నీ నవ్వించేదానికన్నా వస్తాడు, సచ్చేదానికన్నా వస్తాడు. నాదీ అంతే కాబోలు అనుకుంటి. అట్ల అనుకోని ఒక దినం బావి కాడికి గూడ పోతి. మాకు ఇట్ల ముసలోళ్ళమయ్యే దారి ఒకటుందని ఒక్క కథన్నా చెప్పలేదమ్మా. నువ్వు ఈయప్పను దినామూ చూస్తాంటివి. నువ్వు గూడ చెప్పకపోతే ఎట్ల?"

నా బేరం అక్కడితో ఆగిపోయింది. "ఏం చెయ్యమంటావు మామా?" అని మాత్రం అడగగలిగాను.

"ఏమొద్దు. ఈ దినమంతా ఈడ ఉండు. చూసింది రాయి."

ఉన్నాను. సంగటి కెలికింది తోటాయన. అన్నకు వంట రాదు, వంకలు పెట్టడం వచ్చు. మోటారు స్టార్టరు విప్పి బాగు చేసింది అన్న. తోటాయనకు కరెంటంటే భయం. "బీపీ మాత్ర ఏసుకుంటివా?" అని అన్న అడిగితే ఆయన దర్జాగా తలూపాడు. అన్న లోపలికి పోయి మాత్రల అట్ట తెచ్చి, "మొన్న ఎన్నుండాయో ఇప్పుడూ అన్నే ఉండాయి. యాడ ఏసుకుంటివప్పా, చెట్టుకు ఏస్తివా?" అని గొడవ. నేను సిగ్గులేని దాన్ని, అక్కడ కూడా ఇద్దర్లో భార్య ఎవరా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆ ప్రశ్నే తలతిక్కగా తోచింది. వాళ్ళు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ ఒకే కంచంలోని ఊరగాయ పంచుకు తింటున్నారు. అంతే అక్కడున్న ప్రేమ. నాకు అది రాయడం రాదని కూడా ఆ రోజే తెలిసింది.

పాత సీరియల్ యాప్‌లోంచి తీసేశాను. కొత్తది మొదలుపెట్టాను: మనుషులు వేరు, ఊరు వేరు, పని వేరు. కొట్టుకోరు, చావరు, మాత్రల దగ్గర తగాదా పడతారు. ప్రతి భాగం ముందుగా తోటాయనకు పంపాను. ప్రచురణకర్త చదివి, "ఇందులో ఏముంది మేడం?" అని వదిలేశాడు. చదివేవాళ్ళు పల్చబడ్డారు. మిగిలినవాళ్ళలో ఒకామె రాసింది: 'మా ఇంట్లో ఒకరికి ఇది చదవమని ఇచ్చాను. ఎవరికో చెప్పలేను.' ఆ రెండు ముక్కల కోసం అంతకుముందు వచ్చిన ఏడుపు బొమ్మలన్నీ వదులుకోవచ్చు అనిపించింది.

నెలాఖరు వచ్చింది. అన్న ఉంటాడో మానుకుంటాడో నాకింకా తెలియదు. ఒకటో తేదీ పొద్దున వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు వచ్చి, చెప్పులు విడిచి, తన చోట కూర్చున్నాడు. మా అంగళ్ళలో సొంత మనుషులకు థ్యాంక్స్ చెప్పుకునే వాడుక లేదు. పోయి టీ తెచ్చి ముందర పెట్టాను.

"ఏంది పాపా, నువ్వు తెస్తివి?"

"ఊరికేనన్నా."

"ఊరికే నువ్వు ఏందీ ఇయ్యవే." ఒక గుటక తాగాడు. "ఆయప్ప ఒక మాట చెప్పమన్నాడు. ఆరో భాగంలో సంగటి అడుగంటింది అని రాస్తివంట. ఆయప్ప సంగటి ఎప్పుడూ అడుగంటదంట. తీసెయ్యమన్నాడు."

"నేను తింటి గదన్నా. అడుగంటింది."

"నాకు తెలీదా? ఇరవై ఏండ్లుగా తింటాండా." గ్లాసు కింద పెట్టాడు. "తీసెయ్ పాపా."

తీసేశాను.