రాజలింగు దవడ పన్ను

“...మగ్గం ఆగితే ఆగనియ్యి గని, నువ్వు లే అన్న.” సారంగపాణి పేక దారం చుట్టిన నాడెను అవతలికి విసరకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

“ఈ పట్టె అయినంక లేస్త తమ్మి.” రాజలింగు మాట ముద్దగా వచ్చింది. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు.

“మొన్న గూడ గదే అన్నవు. పట్టె అయింది, నొప్పి కాలె.”

ఈ నేతగాళ్ల కొత్తవాడలో వెడల్పు జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు లేస్తే రెండోవారి పని ఆగిపోతుంది. పంతొమ్మిదేళ్లుగా వీళ్లిద్దరిదీ ఒకటే మగ్గం. అందుకే పన్ను సలపడం మొదలైన ఐదు రోజులూ రాజలింగు దాని మీద జర్దా అదిమి, మెడకు తువ్వాలు చుట్టుకుని నేస్తూనే ఉన్నాడు.

సారంగపాణి తువ్వాలు లాగేశాడు. దవడ కింది వాపు ఎర్రగా ఛాతీ పైదాకా దిగి ఉంది. రాజలింగు ఆగి ఆగి, కష్టంగా ఊపిరి పీలుస్తున్నాడు. నేస్తున్నది అట్లాగే వదిలి, సారంగపాణి ఆటో పిలిచాడు.

పెద్ద దవాఖానలో స్కానింగు చూసి డాక్టర్ స్నేహలత రాజలింగు భార్య రాములవ్వను కూర్చోబెట్టింది.

“పంటి చీము మెడలకు, మెడకెళ్లి ఛాతిలకు దిగిందమ్మా. ఉత్త మందులతోని తగ్గదు. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలె.”

“పన్నుకు పానం పోతదా బిడ్డా?”

“పోవచ్చు. అందుకే ఆగొద్దంటున్న.”

మెడ కోసి చీము తీశారు. ఛాతీకి రెండు గొట్టాలు వేశారు. పన్ను పీకారు. తొమ్మిది రోజులు మిషన్ మీదే ఊపిరి. సారంగపాణి రోజూ పొద్దున వచ్చి గొట్టంలో చీము తగ్గిందా అని నర్సును అడిగేవాడు. “పేషెంటుకు నువ్వు ఏమైతవు?” అని ఆమె అడిగితే, “పక్కన కూసునేటోన్ని” అన్నాడు.

నాలుగో వారంలో గొట్టాలు తీశారు. ఇంటికి పోయే రోజు రాజలింగు డాక్టర్ ముందు చేతులు జోడించాడు.

“ఇంకో రెండు పండ్లు పుచ్చిపోయినయ్. బలమొచ్చినంక చూపించుకో, అదే నాకు దండం,” అంది ఆమె.

మూడు నెలలు సారంగపాణి ఒంటిగా చిన్న జంపఖానాలే నేశాడు. మరొకరిని పక్కన కూర్చోబెట్టలేదు. రాజలింగు ఈ సంగతి ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, సారంగపాణి ముందు తప్ప.

రాజలింగు మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చాక, చేనేత సంఘం మేనేజర్ వెంకట్రాజం వచ్చి, సోమవారం వెడల్పు జంపఖానాల ఆర్డర్ మగ్గం ఎక్కించమన్నాడు. సారంగపాణి తల ఊపాడు. అతను చాయ్‌లో ముంచిన బిస్కట్‌ను కుడి దవడకు తగలనీయకుండా ఎడమ వైపుకే తోసుకుని నములుతున్నాడు. రాజలింగు ఆ నమలడం చూశాడు.

“సోమవారం కాదు సారూ. సోమవారం ఇద్దరం పండ్ల డాక్టర్ దగ్గరికి పోతానం. మంగళవారం కూసుంటం.”