అక్క గొంతుకు వాల్యూమ్ నాబ్

మొన్న పింఛను పని మీద రాజమండ్రిలో బ్యాంకుకి వెళ్ళాను. మిషన్ నొక్కితే వచ్చిన చీటీ పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన ఒళ్ళో సంచీ పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. అంతలో గోడకున్న స్పీకరులోంచి ఒక ఆడగొంతు, "దయచేసి రెండవ కౌంటరు వద్దకు రండి" అంది. నేను చటుక్కున లేచి నిలబడ్డాను. పిలిచింది నా నంబరు కాదు. "దయచేసి"లో "చే" దగ్గర ఆ గొంతు కాస్త నొక్కి, ఆగి, మళ్ళీ కదులుతుంది. ఆ నొక్కు నాకు బాగా తెలుసు. అది మా అక్క గొంతు. అక్క పోయి ఏడాది దాటింది.

ఆ గొంతుతో అక్క పుట్టలేదు. ఆఖరి రెండేళ్ళూ కంప్యూటరులో టైపు చేస్తే చదివి వినిపించే గొంతు అది. ఎవరో ఎక్కడో కూర్చుని పలికి ఇచ్చినది, కావాలన్న ప్రతివాళ్ళకీ దొరికేది. బ్యాంకువాళ్ళకీ దొరికినట్టుంది.

అసలు గొంతు సంగతి చెప్పాలి. అక్క తణుకులో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు పంతులమ్మ. ఆదివారాలు చర్చి క్వయరులో, కిటికీ వైపు వరసలో నిలబడి పాడేది. అందరూ ఆ పాట గురించే చెబుతారు గానీ, అక్క గొంతులో నాకు ఇష్టమైనది పాట కాదు, గుసగుస. చిన్నప్పుడు ప్రసంగం సాగుతుండగా అక్క పలకల్లే నున్నగా మొహం పెట్టి, పెదవులు కదిలీ కదలకుండా నా చెవిలో ఏదో అనేది. ముందు బెంచీలో కూర్చున్నాయన జుట్టు గురించో, పాట మధ్యలో తప్పిన హార్మోనియం గురించో. నేను కిసుక్కుమనేదాన్ని. అమ్మ గిచ్చుడు నాకు పడేది. అక్క మటుకు బైబిలు తిరగేస్తూ ఉండేది. పెళ్ళయ్యాక ఆ గుసగుసలు బావగారి వాటాకి వెళ్ళాయి. విందుల్లో ఉన్నట్టుండి బావగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసి దగ్గితే, అక్క ఏదో అనే ఉంటుందని నాకు అర్థమయ్యేది.

రిటైరైన మరుసటేడు గొంతులో జబ్బు బయటపడింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింది భాగంలో చిన్న రంధ్రం మిగిలింది. గాలి అక్కడినుంచే. దానిమీద పల్చటి నూలుగుడ్డ కట్టుకునేది, చీర రంగుకి తగ్గది వెతికి మరీ. మందుల వల్ల వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. మొదట్లో పలక మీద రాసి చూపించేది. ఎన్ని వేలసార్లు బోర్డు మీద రాసిన చెయ్యో, పలక మీద వంకరలు పోతుంటే దానికేసి కోపంగా చూసేది. ఫోనులో అక్షరాలు మరీ చిన్నవి, ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడేది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. వైర్లంటే భయం లేదు. హాల్లో బావగారి పాత కంప్యూటరుకి పెద్ద కీబోర్డు తగిలించి, తెలుగు చదివే ఆ గొంతుని ఎక్కించాను. స్పీకర్లు ఉండనే ఉన్నాయి. బల్ల మీద రెండు చిన్నవి, బల్ల కింద కరెంటుతో నడిచే పెద్ద పెట్టె ఒకటి. బావగారు పాటలు వినడానికి కొనుక్కున్నవి. వంట అప్పటికే బావగారి చేతికి వచ్చింది. అక్క హాల్లో కూర్చుని, "పోపు మాడుతోంది, మంట తగ్గించండి" అని టైపు చేస్తే వంటింట్లోకి వినబడాలి. అందుకని వాల్యూమ్ బాగా పెంచి ఉంచాం. అక్క వారంలోనే దాని గుట్టు పట్టేసింది. కామా పెడితే ఆ గొంతు ఊపిరి తీసుకుంటుందని, చుక్క పెడితే ఆలోచిస్తుందని కనిపెట్టి, కామాలు లేకుండా కాగితాలు రాసే పిల్లల మీద తీరని కోపమంతా తీర్చుకుంటున్నట్టు ఎక్కడపడితే అక్కడ కామాలు పెట్టేది.

ఒకరోజు పాస్టరమ్మగారు చూడడానికి వచ్చారు. మంచి మనిషి. ప్రార్థన చేశారు. తర్వాత ఆవిడ మోకాళ్ళ నొప్పుల ప్రస్తావన వచ్చింది. ఏ డాక్టరు ఏమన్నాడో, ఏ నూనె రాస్తే ఏమైందో నింపాదిగా చెప్పుకొస్తున్నారు. నేను అక్క పక్కనే కూర్చున్నాను. అక్క నాకు తెర మీద చూపిద్దామని ఏదో కొట్టింది. కొట్టి, వేలు అలవాటు కొద్దీ చదివించే మీట మీద పడింది. మరుక్షణం ఆ గొంతు ఇల్లంతా మోగేలా, ఒక్కో అక్షరం స్పష్టంగా, "ఈవిడ మోకాళ్ళ సంగతి తేలేసరికి, మన మోకాళ్ళు పోతాయి" అంది. కామా దగ్గర ఆగింది కూడా.

పాస్టరమ్మగారు కాఫీ గ్లాసు మెల్లగా కింద పెట్టారు. "వెళ్ళొస్తానమ్మా, ఎండెక్కుతోంది" అన్నారు. అప్పటికి సాయంత్రమవుతోంది. బావగారు గేటు దాకా వెళ్ళి ఏదో సర్దిచెప్పి వచ్చారు. ఆవిడ ఏమీ అనుకోలేదట. నాకైతే లోపల నవ్వు ఆగలేదు, చిన్నప్పటిలాగే. అక్క మొహం చూశాక ఆగింది.

ఆ తర్వాత నేను రాజమండ్రి వచ్చేశాను. కొన్ని రోజులకి బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క మాటలు మానేసిందమ్మా" అన్నారు.

"అదేంటండీ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. కంప్యూటర్ దగ్గరకే వెళ్ళట్లేదు. ఏదన్నా అడిగితే తల ఊపుతోంది, అంతే. నువ్వోసారి రా అమ్మా. నాకు చెప్పట్లేదు."

మర్నాడే వెళ్ళాను. పాస్టరమ్మగారి సంగతి ఇంకా పట్టుకుని వేళ్ళాడుతున్నావా అని నెమ్మదిగా మందలించాను. అక్క పలక తీసుకుని చాలాసేపు రాసింది. "అది కాదే. ఇంట్లో ఏ మాటన్నా వీధి గుమ్మం దాకా వినిపిస్తోంది. బాత్రూమ్‌కి తీసుకెళ్ళమన్నా, భయంగా ఉందన్నా అదే గొంతు, అదే గట్టి. నాకు మెల్లగా చెప్పే మాటలు కూడా ఉంటాయి కదా." అది చదువుతూ నేను తలెత్తలేకపోయాను. గొంతు పోయిందనే మేమందరం ఏడ్చాం. దానికి మరో గొంతు తెచ్చిపెట్టామని తృప్తి పడ్డాం. గట్టిగా తప్ప మాట్లాడలేని మనిషి సగం మూగదేనని మాకెవరికీ తట్టలేదు.

తెర మూలన స్పీకరు బొమ్మ నొక్కి గీతను జరిపితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ మొద్దుబారిన వేళ్ళతో మౌస్ పట్టుకుని ఆ సన్నటి గీత మీద నిలపడం అక్క వల్ల కాలేదు. అది దొరికేసరికి మాట చల్లారిపోయేది. ఆ కీబోర్డు పాతది, దాని మీద వాల్యూమ్ మీటలు లేవు. స్పీకర్ల వాల్యూమ్ మర ఏమో బల్ల కింద పెట్టెకి వెనక వైపున ఉంది. వంగితే అక్కకు ఊపిరాడదు. బావగారు వంటింట్లోంచి వచ్చి, బల్ల కింద దూరి తగ్గించి లేచేసరికి ఇక గుసగుస ఏం మిగులుతుంది.

చేతి పక్కనే తిప్పుకునే నాబ్ ఒకటి కావాలి. కంప్యూటరు నుంచి స్పీకరు పెట్టెకు వెళ్ళే వైరు మధ్యలో దాన్ని కలిపితే చాలు, పెద్ద పనేం కాదు. తణుకులో ఒక షాపులో వాల్యూమ్ కంట్రోల్ కొని, భోజనాల బల్ల మీద వార్తాపత్రిక పరిచి, సబ్బుపెట్టెకి చిల్లు పెట్టి అందులో బిగించి, వైర్లకి టంకం వేశాను. కలిపితే తేనెపట్టు కదిపినట్టు ఒకటే హోరు. ఎర్త్ వైరు సరిగ్గా అతకలేదు. అది సరిచేశాను. హోరు పోయింది గానీ, నాబ్ ఇంత తిప్పితే చాలు, గొంతు సున్నా నుంచి ఒక్కసారి అరుపులోకి దూకేది. కొన్న కంట్రోల్ రకం తప్పు. మన చెవికి చప్పుడు మెట్టుమెట్టుగా పెరిగినట్టు తోచాలంటే దానికి వేరే రకం ఉంటుంది. పుస్తకంలో పిల్లలకి చెప్పినదాన్నే, కొనేటప్పుడు గుర్తు రాలేదు. బావగారు టంకం పొగకి కిటికీలు తీస్తూ, "ఈ అమ్మాయి చేత ఫిజిక్స్ చదువుకున్నవాళ్ళు ఏమయ్యుంటారో పాపం" అన్నారు. అక్క భుజాలు కదిలాయి. చాలా రోజుల తర్వాత నవ్వింది. మర్నాడు రాజమండ్రి నుంచి సరైనది తెచ్చి బిగించాను. పాత రేడియో తాలూకు పెద్ద నాబ్ ఒకటి దొరికితే, మొద్దువేళ్ళకి పట్టు ఉంటుందని అది తొడిగాను. కీబోర్డుకి ఎడమ పక్కన బల్లకి అంటించాను.

అక్క ముందు నాబ్‌ని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తర్వాత బావగారిని దగ్గరకు రమ్మని సైగ చేసింది. బాగా తగ్గించి, ఏదో టైపు చేసి, మీట నొక్కింది. ఆయన చిన్న స్పీకరు దగ్గర చెవి పెట్టారు. నాకు గాలి కదిలినట్టు తప్ప ఏమీ వినిపించలేదు. బావగారు నిటారుగా లేచి, నాకేసి చూడకుండా, "పాలు పొంగుతున్నాయేమో" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. పాలు పొయ్యి మీద లేవు.

"ఏమన్నావే?" అని అడిగాను.

అక్క నాబ్ పూర్తిగా పెంచింది. "నీకెందుకు" అంది ఆ గొంతు, ఇల్లంతా వినపడేలా.

తర్వాతి ఏడాది కాలం అక్క మాట్లాడింది. పాస్టరమ్మగారు మళ్ళీ వస్తే మోకాళ్ళ గురించి తనే అడిగి, తగుమాత్రం వాల్యూమ్‌లో క్షమాపణ చెప్పుకుంది. సాయంత్రం ప్రార్థన తగ్గించి పెట్టుకుని చేసేది. బావగారితో పోట్లాడేటప్పుడు ఎడం చెయ్యి నాబ్ మీదే ఉండేది. మాట పెరిగేకొద్దీ నాబూ పెరిగేది. ఆయన ఒకసారి నాతో, "పూర్వం కోపం వస్తే మొహం చూసి తెలుసుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు చెయ్యి చూస్తే చాలు" అన్నారు. టైపు చేసిన ప్రతి మాటనీ చదివించగానే చెరిపేసేది, గంట కొట్టగానే బోర్డు తుడిచినట్టు. పాడటం మాత్రం ఆ గొంతుకి రాదు. క్వయరు పిల్లలు ఇంటికి వచ్చి పాడితే, అక్క చూపుడు వేలితో బల్ల అంచు మీద తాళం వేసేది. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు కీబోర్డు జోలికి వెళ్ళేది కాదు.

మరుసటి చలికాలానికి జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఇక చేసేదేమీ లేదన్నారు. కంప్యూటరుని, సబ్బుపెట్టెతో సహా, పడగ్గదిలోకి మార్చాం. చెరుకు ఆడే రోజులు. ఫ్యాక్టరీ వైపు వెళ్ళే ట్రాక్టర్లు రోడ్డంతా నిండి ఉండేవి, ఊరంతా బెల్లపు పాకం కాగినట్టు వాసన. ఒక మధ్యాహ్నం నేను అక్కకి జడ వేస్తున్నాను. అక్క ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు చేసింది. "నువ్వు, కాసేపు, వరండాలో కూర్చో." మధ్యలో కామాలు ఉన్నాయి.

వరండాలో కూర్చున్నాను. కిటికీలోంచి బావగారి వీపు కనబడుతోంది. మంచం మీదికి వంగి, చెవి స్పీకరుకి ఆనించి ఉన్నారు. ట్రాక్టర్ల చప్పుడులో అక్క మాట ఒక్కటీ బయటికి రాలేదు. మధ్య మధ్య ఆయన "ఊఁ" అనడం మాత్రం వినిపించేది. కథ వింటున్న పిల్లాడు ఊ కొట్టినట్టు. చాలాసేపు అలా ఊ కొట్టారు. ఒక ఊఁ కి మరో ఊఁ కి మధ్య ఎడం పెరిగింది. ఆయన లేచి బయటికి వచ్చి, నా పక్కన మెట్టు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ వారంలోనే అక్క పోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఒకరోజు ఆయనే అడిగారు. "ఆవేళ ఏం చెప్పిందో అడగవేంటమ్మా?"

"నాకు చెప్పాలనుకుంటే పెద్దగానే చెప్పేది కదండీ" అన్నాను. ఆయన తల ఊపారు. ఆ తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు.

మొన్న క్రిస్మస్‌కి తణుకు వెళ్ళాను. చర్చిలో క్వయరు పాటలు సాధన చేస్తుంటే ఇంటి దాకా వినిపిస్తున్నాయి. బావగారు వింటూ వింటూ, "మీ అక్క అసలు గొంతు నాకు గుర్తు రావట్లేదమ్మా" అన్నారు. "కిటికీ పక్కన నిలబడటం గుర్తుంది, చీర గుర్తుంది. నోరు తెరిస్తే ఆ మిషన్ గొంతే వస్తోంది." నాకేసి తిరిగి, "చిన్నప్పుడు మీ ఇద్దరి గొంతూ ఒకేలా ఉండేదని మీ అమ్మగారు అనేవారు. ఒక చరణం పాడతావా?" అన్నారు.

పాడాను. వయసుకి నా గొంతు కూడా బొంగురుపోయింది. అక్క ఎలా పాడేదో తలుచుకుని, పై స్థాయి దగ్గర తను కాస్త మెత్తబడినట్టే మెత్తబడి, ఆఖరి మాట సాగదీశాను. ఆయన కళ్ళు మూసుకుని, తల పక్కకి వంచి విన్నారు. "కాదమ్మా" అన్నారు, మెల్లగా. "కానీ బాగా పాడావు."

బస్సులో తిరిగి వస్తూ నేనూ ప్రయత్నించాను. ప్రసంగం మధ్యలో నా చెవి మీద తగిలిన ఊపిరి వెచ్చదనం గుర్తుంది, నవ్వు గుర్తుంది, అమ్మ గిచ్చిన చోటు గుర్తుంది. గొంతు లేదు. మనిషి పోయిన రోజు ఏదో మనకు తెలుస్తుంది, ఏడాది ఏడాది తలుచుకుంటాం. ఆ మనిషి గొంతు మనలోంచి పోయిన రోజు మాత్రం, మామూలు రోజుల్లో ఒకటిగా, మనకు చెప్పకుండానే గడిచిపోతుంది.