బోల్టు మీది నంబర్

మొన్న జగిత్యాలలో మా ఇంటి తలుపు సంగతి కనుక్కుందామని వడ్రంగి దుకాణానికి వెళ్ళాను. అతను టేకు చెక్కకు అవిసె నూనె పట్టిస్తున్నాడు. ఆ వాసన తగలగానే నా మొహం వేడెక్కిపోయింది. "ఏమైంది మేడం, నూనె వాసన పడదా?" అని అడిగాడు. పడకపోవడమేమిటి, నాకు అన్నం పెట్టిన వాసన అది. అయినా లోపల నిలబడలేక రోడ్డు మీదికి వచ్చేశాను.

ఆ వాసన మా ఉస్తాద్‌ది. ఆయన పేరు రహీముద్దీన్, కోరుట్ల మనిషి. పోలీసు తుపాకులు బాగుచేసే ఆర్మరర్. కొత్త కానిస్టేబుల్‌గా నేను స్టేషన్ డ్యూటీకి ఆశపడితే ఆయన కింద ఆయుధాల గదిలో వేశారు. "తుపాకుల అంట్లు తోముతున్నా" అని ఫోన్‌లో స్నేహితురాలితో అంటుంటే ఆయన విన్నారు. "అంట్లు సుత మంచిగ తోమాలె బిడ్డా, వాట్లనే తింటం గద" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వారు.

ఆ ఏడాది సైన్యం వాడి పక్కన పెట్టిన త్రీనాట్‌త్రీ రైఫిళ్ళు పది మా దగ్గరకు వచ్చాయి. ఒంటినిండా జిడ్డు, నల్లబడిన కట్టె. పాత ఇనుప సామాన్ల వాడికి వేయాల్సినవి అనుకున్నాను నేను. ఆయన మాత్రం పెళ్ళిచూపులకు వచ్చినంత శ్రద్ధగా ఒక్కోదాన్నీ చూశారు. గొట్టం వెనక తెల్లకాగితం పెట్టి ముందునుంచి కన్ను ఆనించారు. కట్టెను వేలి కణుపుతో తట్టి పగుళ్ళు విన్నారు. "పైన తుప్పుంటె గీకితె పోతది. లోపట తింటె ఇగ పక్కకు పెట్టుడే" అన్నారు. నాలుగింటిని పక్కకు పెట్టేశారు. మిగిలిన ఆరింటినీ వేడినీళ్ళతో, కిరోసిన్‌తో కడిగించి, రోజూ అరచేత్తో అవిసె నూనె రుద్దించారు. గరుకు కాగితం మాత్రం ముట్టనివ్వలేదు, కట్టె మీది పాత ముద్రలు పోతాయని. పది రోజులకు ఆ కట్టె ఎర్రగా తేలింది. నాకు తెలియకుండానే ఆ పని మీద ఇష్టం పుట్టింది.

ఆయన మరీ మరీ చెప్పింది ఒక్కటే. తూటాను వెనకనుంచి బిగించే గడియను బోల్టు అంటారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఏ రైఫిల్‌లోనైనా దూరతాయి. కానీ దేని బోల్టు దానికే సరిగ్గా బిగుస్తుంది. అందుకే రెండింటి మీదా ఒకే నంబర్ కొట్టి ఉంటుంది. బాగుచేసిన తుపాకీని మొదట పేల్చేది కూడా ఆయనే. "నా చేతుల నుంచి పోయేది ముందుగాల నా చెంపకే ఆనాలె" అనేవారు.

పేల్చి చూసే రోజు ఆరు బోల్టులనూ ఒకే తట్టలో కడిగి, చేతికి వచ్చినట్టు పెట్టేశాను. దూరాయి కదా అనుకున్నాను. మైదానంలో అధికారి తొందరపెడుతున్నారు.

"నంబర్లు కలిసినయా బిడ్డా?" అని అడిగారు ఉస్తాద్.

"కలిసినయ్ ఉస్తాద్" అన్నాను, చూడకుండానే.

మూడు బాగానే పేలాయి. నాలుగోదానికి చప్పుడే వేరుగా వచ్చింది. తూటా వెనక చీలి, మంట ఆయన మొహం మీదికి తన్నింది. కన్ను దక్కింది. కుడి చెంపలో మాత్రం తూటా మందు దిగి ఆవగింజలంత నల్లమచ్చలు ఉండిపోయాయి. ఆ నొప్పిలోనే ఆయన బోల్టు తీసి, నంబర్ మీద బొటనవేలు ఆపి, నా వైపు చూశారు.

"ఎవరు బిగించారు?" అన్నారు అధికారి.

నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. బిడ్డ పోలీసైందని మా నాయన సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఇవన్నీ ఇప్పుడు వెతుక్కుంటున్న సాకులు. అప్పుడు నాకు భయం తప్ప ఏమీ లేదు. ఉస్తాద్ ఇంకా నా వైపే చూస్తున్నారు. నేను బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

"నేనే సార్" అన్నారాయన.

మచ్చలేని సర్వీసు బుక్కులో నిర్లక్ష్యం అని రాశారు. మూడు నెలలకే ఆయన రిటైరయ్యారు. నేను కోరుట్ల వెళ్ళి ఆయన ముందు నోరు విప్పడానికి ఏడేళ్ళు పట్టింది.

"నాకు గప్పుడే తెలుసు బిడ్డా" అన్నారు.

"మరి నా పేరు ఎందుకు చెప్పలే ఉస్తాద్?"

"నువ్వే చెప్తవని జూసిన. రిటైరయ్యే దినం దాంక జూసిన." అని, లోపలికి కేకేసి నాకు చాయ్ తెమ్మన్నారు. ఆ చాయ్ ఎలా తాగానో నాకు గుర్తు లేదు. మరుసటి ఏడాదే ఆయన పోయారు.

ఇప్పుడు కొత్తవాళ్ళకు నేను నేర్పుతున్నాను. బోల్టు నంబర్, రైఫిల్ నంబర్ పైకి చదివించనిదే ముందుకు కదలనివ్వను. అన్నీ ఉస్తాద్ మాటలే చెబుతాను. పోయిన వారం గంభీరావుపేట నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది, "మీ ఉస్తాద్ ఎప్పుడన్న తప్పు చేసిండా మేడం?" అని.

"ఒక్కసారి" అన్నాను.

నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చేసింది. ఆ పిల్ల తల ఊపి పనిలో పడింది. ఆయన లేకపోయినా ఇంకా ఆయన మీదికే తోస్తున్నాను. రేపు పొద్దున ఆ అమ్మాయికి చెప్పాలి. నోరు మళ్ళీ మొరాయిస్తుందేమోనని ముందు ఇక్కడ రాసి పెడుతున్నాను. నాలుగో రైఫిల్‌కు బోల్టు పెట్టింది నేను. నంబర్ చూడలేదు. చూశానని చెప్పాను.