పెట్యూనియా పేరిట రిబేటు

విస్కాన్సిన్‌లో పాడి మానేశాక వర్నా టాస్ట్రుడ్ చేతులు ఊరికే ఉండలేకపోయాయి. పాలు పితికిన శ్రద్ధతోనే రిబేట్లు పితకడం మొదలుపెట్టింది. కొన్న సరుకు అట్టపెట్టె మీది బార్‌కోడ్ చారల ముక్క కత్తిరించి, రసీదు, ఫారం జతచేసి కంపెనీకి పోస్టు చేస్తే, ధరలో కొంత చెక్కుగా తిరిగొచ్చేది. నకళ్ళు చెప్పులపెట్టెలో దాచేది. తన చిరునామాను ఎవరు అమ్ముకుంటున్నారో పట్టుకోవడానికి, ఫారం మీద పేరు మధ్యలో ఒక్కోసారి ఒక్కో పాత ఆవు పేరు ఇరికించేది. ముప్పైఒక్క కవర్లకి ముప్పైఒక్క చెక్కులు వచ్చాయి.

ముప్పైరెండోది నేలమాళిగలో చెమ్మ లాగే యంత్రానిది. నలభై డాలర్లు. చెక్కు ఏదని ఉత్తరం రాస్తే జవాబుగా కార్డు వచ్చింది: "మీ కవరు మాకు అందలేదు. గడువు ముగిసింది."

భర్త గేలర్డ్ ఆ కార్డు మీద కాఫీ కప్పు పెట్టుకున్నాడు.

"దేనికో దానికి పనికొచ్చిందిలే."

"పది రోజులాగు. రప్పిస్తాను."

"రాకపోతే ఆ చెప్పులపెట్టె పొయ్యిలోకి. మళ్ళీ నా సిరియల్ డబ్బాలకి కన్నాలు పెట్టకూడదు. సరేనా?"

"సరే," అంది వర్నా. ఆ తర్వాత కాఫీ రుచించలేదు.

ఎనిమిదో రోజు వినికిడి యంత్రాల ప్రకటన ఒకటి పోస్టులో వచ్చింది, 'వర్నా పెట్యూనియా టాస్ట్రుడ్' పేరిట. వర్నా దాన్ని రెండుసార్లు చదివి, చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

"మేడమ్, మీ కవరు మాకసలు రాలేదండీ," అన్నాడు అవతలి కుర్రాడు.

"అలాగా బాబూ. మరి చెవి మిషన్లవాళ్ళకి పెట్యూనియా సంగతి ఎవరు చెప్పారు?"

"ఎవరండీ ఆవిడ?"

"మా ఆవు. తొంభై ఒకటిలో పోయింది. దాని పేరు మీ ఫారం మీద తప్ప ఇంకెక్కడా రాయలేదు నేను. కవరు విప్పకుండానే చదివారా?"

పదకొండు నిమిషాలు ఫోన్లో వాయిద్యం మోగింది. తర్వాత ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

"మీ కవరు దొరికిందండీ."

"దొరుకుతుంది. అదెప్పుడూ అంతే. కంచె దాటి పోయేది, గట్టిగా పిలిస్తే వచ్చేది."

పదో రోజున చెక్కు వచ్చింది. బ్యాంకులో పనిచేసే మేనకోడలు మార్లిస్ దాన్ని తిరగేసి చూసింది.

"ఎవరత్తా ఈ పెట్యూనియా?"

"చిన్నప్పుడు నిన్ను తన్నింది చూడు, అదే."

మార్లిస్ బల్ల కింద మోకాలు తడుముకుని ముద్ర కొట్టింది.

ఇంట్లో గేలర్డ్ నలభై డాలర్లూ చూశాడు. సిరియల్ డబ్బాను కత్తెరతో సహా ఆమె ముందుకి జరిపాడు.

"చచ్చి పదమూడేళ్ళయింది," అన్నాడు. "ఇంకా పాలిస్తూనే ఉంది."